సరస్సు తుఫానుకు ముందే కబురు పంపిన ఇంక్రీజ్ లాఫమ్

పెద్ద కాలేజీల్లో చదివినవాళ్లే శాస్త్రవేత్తలవుతారని మనలో చాలామంది అనుకుంటాం. ఇంక్రీజ్ లాఫమ్ గారి జీవితం తెలుసుకున్నాక మేము అలా అనుకోవడం మానేశాం.

ఆయన 1811 మార్చి 7న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, పాల్మైరా అనే ఊళ్లో జన్మించారు. తండ్రి కాలువ పనులు చేయించేవారు. లాఫమ్ బడికి వెళ్లింది తక్కువ. చిన్న వయసులోనే ఈరీ కాలువ పనుల్లో రాళ్లు చెక్కారు. సర్వే చేయడం, పటాలు గీయడం ఆ పనుల్లోనే నేర్చుకున్నారు. 1836లో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న మిల్వాకీ చేరారు. అక్కడి మొక్కలు, రాళ్లు, వాతావరణం, సరస్సు నీటిమట్టం అన్నీ గమనించి రాసిపెట్టారు.

ఆ సరస్సులు పేరుకే సరస్సులు, చూస్తే సముద్రాలే! చలికాలం మొదట్లో నీరు ఇంకా వెచ్చగా ఉంటుంది. దానిమీదుగా వీచే చలిగాలి వేడిని, తేమను తీసుకుని అవతలి ఒడ్డున మంచు కురిపిస్తుంది. నీటికీ, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులోని గాలికీ మధ్య కనీసం 13 డిగ్రీల సెల్సియస్ తేడా ఉండాలని, గాలి నీటిమీద ఎక్కువ దూరం ప్రయాణిస్తే మంచు జోరు పెరుగుతుందని, సరస్సు గడ్డకడితే తగ్గుతుందని నేటి శాస్త్రజ్ఞులు లెక్కకడుతున్నారు.

లాఫమ్ కాలంలో ఈ లెక్కలు లేవు. నవంబరు గాలులకు ఓడలు మునిగిపోయేవి. 1869లో 1,914 ఓడలు ప్రమాదాలకు గురయ్యాయని, 209 మంది చనిపోయారని ఆయన జాబితా తయారుచేశారు. తుఫానులు ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వస్తాయి. టెలిగ్రాం వాటికంటే వేగంగా పోతుంది. కాబట్టి ముందే హెచ్చరించవచ్చని ఏళ్ల తరబడి వాదించారు. ఆయన జాబితాను చూసి పార్లమెంటు సభ్యుడు హాల్బర్ట్ పెయిన్ బిల్లు పెట్టారు. 1870 ఫిబ్రవరి 9న అధ్యక్షుడు గ్రాంట్ సంతకం చేశారు. అదే ఏడాది నవంబరు 8న, ఒమాహాలో గాలి ఉధృతంగా ఉందన్న కబురు ఆధారంగా, లాఫమ్ షికాగో నుంచి సరస్సులకు తొలి తుఫాను హెచ్చరిక పంపారు.

1875 సెప్టెంబరు 14న ఒకానమోవాక్ సరస్సులో, పడవలో ఉండగానే కన్నుమూశారు. మన భారత వాతావరణ శాఖ ఏర్పడింది కూడా 1875లోనే.

దివిసీమ ఉప్పెన గురించి పెద్దల నోట విన్న మనకు, వేళకు అందిన కబురు విలువ వేరే చెప్పనక్కర్లేదు. మిత్రులారా, రోజూ చూసేదాన్ని ఓపికగా కొలిచి నోటుబుక్కులో రాసుకుందాం. లాఫమ్ గారు మొదలుపెట్టింది అక్కడే.