యల్లాప్రగడ సుబ్బారావు

భద్రాచల ప్రాంతపు అడవులను, పాపికొండలను దాటివచ్చిన గోదావరి రాజమహేంద్రవరము కడ విశాలమై ప్రవహించును. బాల్యమున ఆ నగరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావు వైద్యశాస్త్రమున జగద్విఖ్యాతుడయ్యెను.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసున ఉత్తీర్ణుడయ్యెను. అచటనే వైద్యకళాశాలలో చేరి, గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించెను. అందుచే ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, తక్కువ స్థాయి పట్టముతోనే తృప్తిపడవలసివచ్చెను.

స్ప్రూ అను గ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొనెను. అదియే తన్నును పీడింపగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనెను. ఆ రోగమునకు మందు కనుగొనవలెనను తపన ఆయనను విడువలేదు. 1923లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించుచు, పొట్టపోసికొనుటకై ఆసుపత్రిలో చిన్న పనులు చేసెను. 1940లో లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరెను.

దేహమునందలి కణము రెండగుటకు ముందు తన డి.ఎన్.ఏ.కు మారుప్రతిని సిద్ధపరచుకొనవలెను. మెలితిరిగిన నిచ్చెనవంటి డి.ఎన్.ఏ. రెండు పోగులుగా విడివడును. ఒక్కొక్క పోగు అచ్చువలె నుండగా, దానికి సరిపడు క్రొత్తపోగు ఏర్పడును. అందులకు వలయు నాలుగు పదార్థములలో థైమీన్ ఒకటి. ఫోలిక్ ఆమ్లము కొరవడినచో కణము థైమీనును చాలినంత తయారుచేసికొనజాలదు. అప్పుడు ఎముకల మజ్జలో రక్తకణములు సరిగా వృద్ధిపొందక రక్తహీనత కలుగును. స్ప్రూ రోగులకు కలుగు రక్తహీనతకు ఈ లోపము ఒక ముఖ్య కారణము.

1945లో సుబ్బారావు నాయకత్వమున శాస్త్రజ్ఞుల బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసెను. సోదరులను కబళించిన వ్యాధికి మందు లభించెను. పిదప ఆ బృందమే ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్ అను మందును నిర్మించెను. రక్తపు క్యాన్సరులో కణములు హద్దుమీరి పెరుగును. మారుప్రతి నిలిచినచో ఆ పెరుగుదలయు నిలుచును. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ మందును రోగపీడితులైన పిల్లలకిచ్చెను. 1948లో ప్రకటించిన ఫలితములను బట్టి 16 మందిలో 10 మందికి కొంతకాలము ఉపశమనము కలిగెను. అంతవరకు ఆ పిల్లలకు ఆశయే లేకుండెను.

ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు, స్వదేశమును మరల చూడకయే, అమెరికాలో కన్నుమూసెను. డి.ఎన్.ఏ. రూపము 1953లో గాని వెల్లడికాలేదు. ఆ నిచ్చెనను ఎరుగకయే ఆయన దాని నిర్మాణమును సాగించు పదార్థమును, ఆపు పదార్థమును లోకమునకిచ్చెను. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని పిల్లల ప్రాణములను నిలుపుచున్నది. పరీక్ష తప్పిన బాలుని పట్టుదల ఇంతటి ఫలమునిచ్చెను.