జిమ్ కార్బెట్టు దొర యడవి చిత్రశాల

జిమ్ కార్బెట్టు దొర నరభక్షకములగు పులులను గూల్చిన వేటకాడని మన బాలు రెరుగుదురు. మే మిచట వ్రాయబూనినది ఆయన తుపాకిని గూర్చి కాదు, కెమెరాను గూర్చి.

ఈయన 1875వ సంవత్సరము జూలై 25వ తేదీన నైనితాలులో జన్మించెను. తండ్రి యచ్చటి పోస్టుమాస్టరు. బాల్యముననే పితృహీనుడయ్యెను. శీతకాలమున కుటుంబము కాలాధుంగీ గ్రామమునకు దిగివచ్చుచుండెడిది. అచ్చటి యడవియే యీ బాలునకు రెండవ బడి. పిదప గంగాతీరమున మొకామా ఘాటులో రైల్వే సరకులు దాటించు పనిలో ఇరువదేండ్లకు పైగా గడపెను. 1907లో చంపావత్ ఆడుపులిని, 1926లో రుద్రప్రయాగ చిరుతను గూల్చిన కథ లందఱు నెరిగినవే గనుక విడిచెదము.

1925లో చాంపియన్ అను అటవీశాఖాధికారి తీసిన పులుల ఛాయాచిత్రములు లోకమున వెలువడెను. పులి నడచు త్రోవలో తీగ గట్టి, అది తగిలినంతనే దీపము వెలుగునట్లు పన్ని రాత్రివేళ వానిని తీసెను. కార్బెట్టు వానిని జూచి, తాను పట్టపగలే పులుల చలనచిత్రమును తీయ సంకల్పించి, మిత్రుడొసగిన కెమెరాతో పదియేండ్లు తిరిగెను. పిల్లలుగల యాడుపులులు పలుమార్లు ఆయనను తరిమివేసెను.

పొడవైన కటకముతో దూరమునుండియే తీయరాదా యని చదువరు లడుగవచ్చును. బయలున నది చక్కగా నుపకరించును. దట్టమైన యడవిలో పులికిని మనకును నడుమ ఆకులు, కొమ్మలు నడ్డుపడును. దగ్గరి యాకు మసకయై బొమ్మను గప్పివేయును. చెట్లనీడలో వెలుతురు చాలదు. చేయి రవంత వణకినను బొమ్మ యంతయు చెదరును. మామిడితోపులో పిట్టను చిత్రింపబోయిన మన బాలుర కీ చిక్కు తెలియును. పోనీ, దగ్గరకు బోయిన నెట్లుండును? కెమెరా యంత్రము చప్పుడు చేయును, పులి వినును.

కార్బెట్టు పన్నిన యుపాయము మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. దట్టమైన యడవి నడుమ, ఏబది గజముల వెడల్పుగల యొక లోయలో సన్నని వాగు పారుచుండెను. దానికి పలుచోట్ల చిన్న కట్టలు వేసి, కొన్ని అంగుళముల యెత్తుగల జలపాతముల నేర్పరచెను. ఆ నీటి సవ్వడిలో యంత్రపు సవ్వడి యణగిపోయెను. పిమ్మట మూడు తావులందున్న యేడు పులులను దినమునకు కొన్ని గజముల చొప్పున అచటికి మరలింపజొచ్చెను. ఒకటి వచ్చి వెడలిపోయెను, ఆరు నిలిచెను. తెల్లవారకముందే, మంచున తడిసిన యాకులు కాలిక్రింద చప్పుడు చేయని వేళ, పులులను సమీపించి, వెలుతురు వచ్చువరకు కదలక పరుండెడివాడు. నాలుగున్నర మాసము లిట్లు గడచెను. ఆ యేడు వానలు మెండు. కటకముపై చెమ్మ పట్టి, వెలుతురు చాలక, వేయి అడుగుల ఫిలిములో నాలుగువందల యడుగులు చెడెను. మిగిలిన దానిలో నాలుగు మగపులులు, రెండు ఆడుపులులు పది మొదలు అరువది యడుగుల దూరమున నగపడును. అం దొక యాడుపులి తెల్లనిది. వానిలో నొక్కటియు నాయనను జూడలేదు.

1947లో ఈయన కెన్యాదేశమునకు వెడలి, 1955 ఏప్రిల్ 19న న్యేరీ పట్టణమున మరణించెను. 1936లో కాలాధుంగీ సమీపమున నేర్పడిన జాతీయవనమునకు పిదప ఆయన పేరిడిరి.