కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు

పిల్లలూ! మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి చనిపోవడంతో విజయనగరంలో పోలీసు ఉద్యోగి అయిన పినతండ్రి ఇంట పెరిగి, అక్కడే కుస్తీ నేర్చుకున్నారు. మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. తరువాత సర్కస్ పెట్టి ఊరూరా తిరిగారు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవారు. ఊపిరి బిగబట్టి, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు తెంచేవారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి ఎదుట కూడా బలప్రదర్శన చేశారు. అంతటి బలశాలికీ చివరికి పుండు ముదిరి కాలు తీసేయవలసి వచ్చింది. 1942లో ఒడిశాలో కన్నుమూశారు. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

బదిలీ మీద సూరత్ వచ్చినప్పుడు మన సామాను లారీలో వచ్చింది. రేపు ఇంకో ఊరు వెళ్లినా, ఇక్కడ చేసిన సాధన మాత్రం మనతోనే వస్తుంది.