పండిత రమాబాయి విశ్వాసము

గడచిన సంవత్సరము బైబిలు తరగతిలో ఒక బాలుడు నన్నొక ప్రశ్న అడిగెను. విశ్వాస ప్రమాణములోని మాటలన్నిటిని హృదయపూర్వకముగా పలుకలేనివాడు క్రైస్తవుడగునా, కాడా యని వాని సందేహము. పాఠ్యపుస్తకములోనున్న సమాధానమునే నేను చెప్పితిని. వాడు తలయూచి కూర్చుండెను గాని, ఆ సమాధానము వానికిని తృప్తి నీయలేదు, నాకును ఈయలేదు. తరువాత ఆలోచింపగా, ఇట్టి ప్రశ్నకు పుస్తకములోని వాక్యముకంటె ఒక మనుష్యుని జీవితమే మంచి యుత్తరమని తోచినది. అట్టి జీవితము పండిత రమాబాయిది. ఆమె స్థాపించిన శరణాలయమును గూర్చి మన విద్యార్థులు వినియే యుందురు. ఆమె తన మతగురువులతో చేసిన వాదములను గూర్చి అంతగా వినియుండరు.

రమాబాయి 1858 వ సంవత్సరము ఏప్రిలు 23 వ తేదీన పడమటి కనుమల అరణ్యమున గంగామూల యను చోట జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే మహారాష్ట్ర బ్రాహ్మణుడు, సంస్కృతమున గొప్ప పండితుడు, పరమభక్తుడు. ఆయన తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పెను. స్త్రీకి దేవభాష నేర్పుట ఆ దినములలో అపరాధముగా ఎంచబడుచుండెను. అందుచేత ఉడుపిలో పండితుల యెదుట నిలిచి ఆయన తాను చేసిన పనిని శాస్త్రప్రమాణములతో సమర్థించుకొనవలసి వచ్చెను. పూజయందును వ్రతములయందును ఆయనకు లోపమనునది లేదు. అయినను భార్యకు చదువు చెప్పు విషయమున మాత్రము పరుల యాజ్ఞకు తలయొగ్గలేదు. చదువరులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక. కుమార్తె పోరాటము తండ్రి యింటనే మొదలైనది.

ఆ కుటుంబము పుణ్యక్షేత్రములు తిరుగుచు, పురాణములు వినిపించుచు జీవించెను. తల్లియే రమాబాయికి గురువు. బాల్యముననే ఆమె వేలకొలది శ్లోకములు కంఠస్థము చేసెను. వచ్చిన ధనమును దేవాలయములకును బ్రాహ్మణులకును దానముచేయుచుండిరి. ఇంతలో అప్పటి మదరాసు రాజధానిలో కరవు వచ్చెను. 1874 మొదలు కొలది కాలములోనే తండ్రి, తల్లి, అక్క ఒకరివెంట నొకరు మరణించిరి. తల్లి శవమును మోయుటకు నలుగురు దొరకలేదు. ఇద్దరు బ్రాహ్మణులు దయదలచి వచ్చిరి, అన్న శ్రీనివాసుడు మూడవవాడు. నాలుగవ కొమ్మును రమాబాయి పట్టెను. ఆమె పొట్టిది గనుక భుజమున కందక పాడెను తలమీద మోసెనట. నేను ఆమె చరిత్రను ఎన్నిమారులు చదివినను ఈ చోట ఆగకుండ ముందుకు పోలేకున్నాను.

అటుపిమ్మట అన్నాచెల్లెండ్రు దేశమంతయు కాలినడకను తిరిగి 1878 లో కలకత్తా చేరిరి. అచ్చటి పండితులు ఆమె పాండిత్యమునకు విస్మయమొంది పండిత యనియు, సరస్వతి యనియు బిరుదములిచ్చిరి. ఆ నగరముననే వారొక క్రైస్తవ సమావేశమునకు వెళ్ళిరి. అందరును కుర్చీల యెదుట మోకరించి కన్నులు మూసికొనుట చూచి, క్రైస్తవులు కుర్చీలను పూజింతురు కాబోలునని అనుకొనిరి! మనము నవ్వవచ్చును. కాని ఆరాధన చేయువాని హృదయము పైవానికి కనబడదు, కుర్చీ మాత్రమే కనబడును.

బ్రహ్మసమాజ నాయకుడగు కేశవచంద్రసేనుడు వేదమును చదువుమని ఆమెను ప్రోత్సహించెను. అదివరకు స్త్రీకి వేదాధికారము లేదని ఆమెయు నమ్మియుండెను. చదివినకొలది ఆచారములయందలి నమ్మకము సడలిపోయెను. 1880 లో అన్న మరణించెను. ఆ సంవత్సరమే ఆమె బిపిన్ బిహారీ మేధావి యను వంగదేశపు న్యాయవాదిని కులభేదము పాటింపక వివాహమాడెను. 1881 లో కుమార్తె మనోరమ పుట్టెను. 1882 లో భర్త విషూచిచే మరణించెను. ఇరువదినాలుగేండ్లైన నిండని ఆ విధవకు భర్త గ్రంథములలో దొరికిన వంగభాషా లూకా సువార్త అప్పటికే మనస్సున నాటుకొనియుండెను.

పూనాకు వచ్చి 1882 లో ఆర్య మహిళా సమాజమును స్థాపించెను. హంటరు విద్యాసంఘము నెదుట సాక్ష్యమిచ్చి స్త్రీలకు ఉపాధ్యాయినులును వైద్యురాండ్రును కావలెనని కోరెను. మరుసటి యేడు వైద్యము నేర్వగోరి ఇంగ్లండునకు ప్రయాణమయ్యెను. వినికిడి లోపముచేత వైద్యవిద్య సాగలేదు.

ఇంగ్లండున ఆమెకు ఆశ్రయమిచ్చినవారు వాంటేజి పట్టణమందలి ఆంగ్లికను మఠ సహోదరీలు. పతితలైన స్త్రీలకు వారు చేయు సేవను చూచి, అట్టి స్త్రీలను దరిజేర్చుట క్రీస్తు మార్గమని ఆమె గ్రహించెను. 1883 వ సంవత్సరము సెప్టెంబరు 29 వ తేదీన కుమార్తెతోకూడ బాప్తిస్మము పొందెను. సామాన్యముగా మన పాఠములలో ఈ కథ ఇచ్చటనే ముగియును. నిజముగా ఇచ్చటనే మొదలగుచున్నది.

బాప్తిస్మము పొందిన రమాబాయి అన్నిటిని అంగీకరింపలేదు. త్రిత్వమును గూర్చియు, క్రీస్తు జననమును గూర్చియు సంఘము చెప్పు సిద్ధాంతములు తనకు బోధపడువరకు నమ్మితినని చెప్పజాలననెను. తన జ్ఞానమాత యగు సహోదరి జెరల్డీనుతో ఉత్తరములమీద ఉత్తరములు నడిచెను. మెడలో ధరించు సిలువమీద లాటిను మాటలుండుట ఆమె కిష్టము లేదు. తన దేశములో ఎవరికిని తెలియని ఆ భాష యేల, సంస్కృతమున్నది గదా యని ఆమె వాదము. మాంసాహారమును ముట్టలేదు. చిన్నబిడ్డయగు మనోరమకు ఏ సిద్ధాంతము నేర్పవలెనో తల్లియగు తానే నిర్ణయింతుననెను. చెల్టెన్‌హాము కళాశాలలో ఆమె పురుషులకు పాఠములు చెప్పు ప్రస్తావన రాగా, అది తగదని బొంబాయి, లాహోరు బిషప్పులు అభ్యంతరము తెలిపిరి. తన పని తగునో తగదో తెలిసికొను శక్తి తనకు గలదని ఆమె సమాధానము. ఒక దేశపు పురోహితుల అధికారమునుండి కష్టపడి బయటికి వచ్చినది మరియొక దేశపు పురోహితుల అధికారము క్రిందికి పోవుటకు కాదని ఆ యుత్తరముల సారాంశము.

జెరల్డీనుకు ఇది గర్వముగా తోచెను. ఆమెను మనము నిందింపరాదు. కొండంత దుఃఖముతో వచ్చిన పరదేశిని చేరదీసి, అన్నము పెట్టి, బిడ్డను పెంచినవారు ఆ సహోదరీలే. మఠమను కట్టుబాటు లేనియెడల ఆ యిల్లే యుండెడిది కాదు, రమాబాయి వారి ద్వారమున నిలిచెడిదే కాదు. వ్యవస్థ వలన మేలుపొందియు వ్యవస్థకు మనస్సాక్షిని అప్పగింపకుండుట సులభమైన పని కాదు. మిషను పాఠశాలలో జీతము పుచ్చుకొను నావంటి వారికి ఈ సంగతి బాగుగా తెలియును. ఆమెను ఎక్కువగా అర్థము చేసికొన్నది చెల్టెన్‌హాము కళాశాల ప్రధానోపాధ్యాయిని డొరొతియా బీలు దొరసాని. సందేహించువారిని తొందరపెట్టక ఓర్పుతో నడిపింపవలెనని ఆమె మతము. ఉపాధ్యాయులమగు మేము ఆ దొరసానిని మరింతగా స్మరింపదగును.

1886 లో రమాబాయి అమెరికాకు వెళ్ళి, అగ్రవర్ణ హిందూస్త్రీల దుస్థితిని గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథము రచించెను. అది 1887 లో వెలువడెను. బోస్టనులో ఆమెకు తోడ్పడుటకు ఒక సంఘమేర్పడెను. క్రైస్తవ దేశములలో ఒకరినొకరు ఒప్పని ఇన్ని శాఖలుండుట చూచి ఆమె దిగ్భ్రమ చెందెను.

1889 మార్చిలో బొంబాయిలో శారదా సదనమును తెరచెను. మరుసటి యేడు అది పూనాకు మారెను. అచ్చట విధవలు తమ కులాచారములను తాము పాటించుకొనవచ్చును, మతబోధ లేదు. అందుచేత క్రీస్తును బోధింపదేమని మిషనరీలు కొందరు ఆమెను తప్పుబట్టిరి. ఆమె తన గదిలో కుమార్తెతో ప్రార్థించునప్పుడు తలుపు మూయుట లేదు, కొందరు బాలికలు తామై వచ్చి కూర్చుండిరి. అందుచేత విధవలను మతభ్రష్టలను చేయుచున్నదని పూనాలో అలజడి చెలరేగెను. 1893 లో రానడే, భండార్కరు మున్నగు సలహాసంఘ సభ్యులు తొలగిరి. బాలికలలో పలువురిని బంధువులు తీసికొనిపోయిరి. ఇరుపక్షములవారును ఒకే తలుపును చూచి కోపించిరి.

ఈ నడుమ, 1891 ప్రాంతమున, ఆమె అంతరంగమున గొప్ప మార్పు కలిగెను. అంతవరకు తనకు దొరికినది క్రైస్తవ మతమే గాని క్రీస్తు కాడని ఆమెకు స్పష్టమయ్యెను. బాప్తిస్మము పొందిన యెనిమిదేండ్లకు కలిగిన ఈ శాంతి ఏ బిషప్పు ఆజ్ఞవలనను వచ్చినది కాదు. వాంటేజిలో ఆమెను బలవంతముగా ఒప్పించియుండినయెడల అది ఎన్నటికైన వచ్చెడిదా యని నాకు సందేహము.

1896-97 కరవులో ఆమె మధ్యపరగణాలకు పోయి వందలకొలది బాలికలను, విధవలను తెచ్చి పూనాకు తూర్పుగా నున్న కేడ్‌గావ్‌లో నిలిపెను. అదియే ముక్తి సదనము. 1900 నాటికి అక్కడివారి సంఖ్య వేయికి మించెను. నేత, నూనెగానుగ, ముద్రణాలయము, అంధులకు చదువు, అన్నియు అచ్చట నడిచెను. ఏ శాఖకును చెందకుండ దానిని నడిపినను, అదియు ఒక వ్యవస్థయే. దానికి గంటయు, నియమములును, ప్రార్థనాకాలములును కలవు. ఇచ్చట బోధ బహిరంగముగా క్రైస్తవమే. ఆకలిగొన్న బిడ్డకు అన్నముతోపాటు మతమును పెట్టునప్పుడు, తల్లి వాంటేజిలో కోరిన స్వేచ్ఛ ఆ బిడ్డకు ఎంత దక్కును? ఆమెయందు నాకు గల గౌరవము కొంచెమైనను తగ్గలేదు. అయినను ఈ ప్రశ్నను దాచుట న్యాయము కాదు.

కడపటి సంవత్సరములలో ఆమె హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, పల్లెస్త్రీలకు తెలియు తేట మరాఠీలో బైబిలును తర్జుమా చేసెను. మహా సంస్కృత పండితురాలు సంస్కృత సమాసములను ఏరి పారవేయుచు కూర్చుండెను. గురువు ప్రక్కన లేకపోయినను ఒక కూలిస్త్రీ తానే చదువుకొని తెలిసికొనవలెనని ఆమె యుద్దేశము. ఆ గ్రంథమును ముక్తి సదనపు స్త్రీలే అచ్చువేసిరి. 1921 జూలైలో మనోరమ తల్లికంటె ముందు మరణించెను. 1922 ఏప్రిలు 5 వ తేదీన, తర్జుమా పని ముగిసిన కొలది దినములకే, రమాబాయి కన్నుమూసెను.

ఆమె వ్రాసిన వాదపు ఉత్తరములు నశించిపోలేదు. వాటిని పోగుచేసి, వరుసగా కూర్చి భద్రపరచినది సహోదరి జెరల్డీనే. అవి 1977 లో గ్రంథముగా అచ్చుపడినవి. తన్ను ఎదిరించిన ఉత్తరములును, తాను గద్దించుచు వ్రాసినవియు అందులో ప్రక్కప్రక్కనే యున్నవి.