మతిస్థిమితము లేనివారి పక్షమున నిలిచిన డొరొతియా డిక్స్

సంఘములో రోగులకొరకు ప్రార్థించునపుడు జ్వరము, క్షయ, పక్షవాతము పేర్లు చెప్పుదుము. మనోవ్యాధి పేరు మాత్రము చెప్పుటకు సిగ్గుపడుదుము. అట్టివారికొరకు జీవితమంతయు పాటుపడిన డొరొతియా డిక్స్ అమ్మగారి చరిత్రను ఇచ్చట క్లుప్తముగా వ్రాయుచున్నాము.

ఆమె 1802 ఏప్రిల్ 4న అమెరికాలోని మెయిన్ ప్రాంతమందు జన్మించిరి. ఇంటిలో నెమ్మది లేక, చిన్న వయస్సులోనే బోస్టనులోని నాయనమ్మ చెంత చేరిరి. యౌవనమందే బడి పెట్టి పిల్లలకు చదువు చెప్పిరి. ఆరోగ్యము చెడి 1836లో ఇంగ్లండు వెళ్ళినపుడు, మనోరోగులను దయతో చూచు పద్ధతిని గూర్చి తెలిసికొనిరి.

1841 మార్చిలో ఈస్ట్ కేంబ్రిడ్జి జైలులోని స్త్రీలకు ఆదివారపు పాఠము చెప్ప వెళ్ళిరి. అచ్చట ఏ నేరమును చేయని మతిస్థిమితము లేని స్త్రీలు నేరస్థులతోపాటు, కుంపటియైన లేని గదులలో చలికి వణకుచుండిరి. పిచ్చివారికి చలి తెలియదని జైలువారు చెప్పిరి. ఆమె ఊరకుండక న్యాయస్థానమును ఆశ్రయించి ఆ గదులకు వెచ్చదనము ఏర్పాటు చేయించిరి.

పిమ్మట మసాచుసెట్స్ రాష్ట్రమంతట జైళ్ళు, పేదల ఆశ్రమములు తిరిగి, ఏ ఊర ఎవరు ఏ గదిలో, ఏ గొలుసుతో ఉన్నారో వ్రాసికొని, 1843లో శాసనసభకు విజ్ఞాపనము సమర్పించిరి. ఉస్టర్ ఆసుపత్రి విస్తరింపబడెను. 1848లో న్యూజెర్సీలో ట్రెంటన్ ఆసుపత్రి తెరువబడెను. ఆమె కృషివలన 30కి పైగా ఆసుపత్రులు వెలసెను లేక పెరిగెను. నిరుపేద రోగులకై 1,22,25,000 ఎకరముల ప్రభుత్వ భూమిని కోరిన బిల్లు 1854లో ఉభయసభలలో నెగ్గినను, అధ్యక్షుడు పియర్స్ త్రోసివేసెను. చివరి సంవత్సరములు ట్రెంటన్ ఆసుపత్రిలోనే గడపి 1887 జూలై 17న కన్నుమూసిరి.

తరువాతి కాలములో ఆ ఆసుపత్రులు రోగులతో క్రిక్కిరిసి, దయ కొరవడెను. భవనము ఒక్కటే చాలదు. మనోరోగికి తరచుగా ఒక్క కష్టమే ఉండదు. పేదరికము, త్రాగుడు, మూర్ఛ, విడిచిపోయిన కుటుంబము కలిసివచ్చును.

మనోరోగులను గొలుసులతో కట్టుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే ఉచితముగా సలహా పొందవచ్చును. అయినను కాట్రేనికోన నుండి కాకినాడ ప్రభుత్వాసుపత్రికి గోదావరి దాటి పోవలెను. నిలకడలేని కుమారుని బస్సులో తీసికొని ఒంటరి తల్లి ఎట్లు వెళ్ళగలదు? ప్రియ సంఘస్థులారా, ఆమెతో బస్సెక్కి, చీటి వ్రాయించి, నెలనెల మందులు తెచ్చిపెట్టు మనిషి ఆమెకు కావలెను. ప్రార్థనతోపాటు ఆ తోడును కూడ మనమే ఇయ్యవలెను.