గాలిబు ముదిమి

1842లో ఢిల్లీ కళాశాలవారు మీర్జా గాలిబును పారసీక భాషోపాధ్యాయునిగా నియమింపదలచిరి. రమ్మన్న దొర ఎదురేగి మన్నింపలేదని ఆయన వాకిటినుండియే మరలెనని చెప్పుదురు. కలిమిచేతనా? కాదు, అప్పటికే అప్పులు మెడదాక నుండెను. కుంపిణీ భరణములో ఆయన వంతు ఏటికి 750 రూపాయలు మాత్రమే. హెచ్చింపుమని 1828లో కలకత్తాకు పోయి వ్యాజ్యమాడినను ఫలింపలేదు.

1857 తిరుగుబాటుతో ఆ భరణమును, మొగలు దర్బారు జీతమును ఒక్కసారే నిలిచెను. అరువదికి చేరువైన వయసు. ఇంటి బట్టలమ్ముకొని తినవలసి వచ్చెను. 1859 నుండి రాంపురము నవాబు నెలకు 100 రూపాయలు పంపెను. 1860లో భరణము తిరిగి వచ్చెను గాని, మూడేండ్ల బకాయి అప్పులవారి పాలయ్యెను.

చెవులు పోయెను. వచ్చినవారు చెప్పదలచినది కాగితముపై వ్రాసి చూపవలెను. అయినను ఉత్తరములు మానలేదు. మిత్రులకు వ్రాసిన ఉర్దూ లేఖలలో లేమిని గూర్చిన ఏడ్పు కంటె హాస్యమే హెచ్చు. ఉర్దూ వచనమునకు కొత్త నడక వానివలన అబ్బెను. నవాబుల కంపిన విన్నపములలో మాత్రము ఆ వాకిటినుండి మరలిన మనిషి కానరాడు. లేఖల తొలి సంపుటము 1868లో వెలువడెను. 1869 ఫిబ్రవరి 15న ఆయన కన్నుమూసెను, అప్పులు తీరలేదు.