హొసకోటె కట్టిన తమ్మేగౌడ
వార్షికోత్సవ సంచికలో మేము ముందుగా తలచుకునేది సుగటూరు పాలెగాడు తమ్మేగౌడను. పాత కోట కోలారు కాబట్టి, 1595 ప్రాంతంలో ఆయన కట్టించిన ఈ కోటకు హొసకోటె, అంటే కొత్త కోట అని పేరొచ్చింది. విజయనగర రాజు ఆయనకు చిక్కరాయ బిరుదిచ్చాడు. ఏలుబడి మన పుంగనూరు దాకా సాగింది. తర్వాత 1638లో ఊరు బీజాపూర్ వశమైంది, 1761లో హైదర్ అలీ చేతికి పోయింది.

రాజ్యాలు పోయినా ఊరికి పెద్ద చెరువుంది, కట్టే రెండు మైళ్లు. బతుకుతెరువు కోసం బెంగళూరు చుట్టుపక్కల చేరిన నేత కుటుంబాలం మనం. నూలుకు రంగేయాలన్నా, పడుగుకు గంజి పెట్టాలన్నా నీళ్లే కదా! ఆ చెరువు పూడిపోకుండా చూసుకోవడమే ఊరు కట్టిన పెద్దాయనకు మనం పెట్టే దండం.